చంకలో రాజ్యాంగం

మా లెమ్యూల్ టార్ప్లీ గారు గడప దాటారంటే చంకలో రాజ్యాంగం ఉండాల్సిందే. దేశానిది కాదు. అది చొక్కా జేబులో పట్టేస్తుంది కాబట్టి ఆయనకు దానిమీద కాస్త చిన్నచూపు. ఈయన మోసేది మా అలబామా రాష్ట్రానిది. దిండంత లావు, ఇటుకంత బరువు. పిండి సంచిలో పెట్టుకుని చర్చికి, చేపల చెరువుకి, నా సెలూన్‌కి తెస్తారు.

"పెళ్ళినాడు నన్ను ఎత్తుకుని గడప దాటించమంటే నడుం నొప్పన్నాడు. దాన్ని మాత్రం రోజూ దాటిస్తాడు" అంటుంది ఆయన భార్య మిస్ క్లైటీ. మావైపు పెళ్ళయినా మిస్ అనే అంటారు.

అది అంత లావెక్కడానికి కారణం ఉంది. మా రాష్ట్రంలో ఒక కౌంటీ వాళ్ళు, అంటే ఒక జిల్లా వాళ్ళు, దోమల మందుకి పన్ను వేసుకోవాలన్నా రాజ్యాంగం సవరించాలి. రాజధానిలో శాసనసభ పెద్దమనిషి ఒక్కడు వద్దన్నా చాలు, ఆ దోమల సంగతి రాష్ట్రమంతా ఓటేసి తేల్చాలి. అందుకని ఎన్నికలప్పుడు షెరీఫ్ పేరూ గవర్నర్ పేరూ అయ్యాక, కాగితం అడుగున ముక్కూ మొహం తెలియని కౌంటీల గోల ఉంటుంది. మావాళ్ళు దాన్ని చదవరు. అన్నిటికీ "కాదు" అని గుద్ది, బయట వేయించే చేపల దగ్గరికి పరుగెడతారు.

లెమ్యూల్ గారు మాత్రం పోలింగ్ కేంద్రం దగ్గర ప్రచారం చేయకూడని గీతకు ఇవతల, పెకాన్ చెట్టు కింద పుస్తకం తెరిచి నిలబడతారు.

"మిస్ ఓజెల్లా, ఆ సముద్రం వైపు వాళ్ళ దోమల సవరణకి అవునని వెయ్యమ్మా."

"ఆ దోమలు నన్ను కుట్టాయా?"

"లేదు."

"మరి నాకెందుకండీ?"

"అదే నేనూ అడుగుతున్నా. నిన్ను కుట్టని దోమల్ని కాపాడ్డం నీకెందుకు?"

ఓజెల్లా లోపలికెళ్ళి "కాదు" అనే వేసింది. బయటికొచ్చి ఆ ముక్క ఆయన మొహంమీదే చెప్పింది. ఆయన టోపీ తీసి, "ఓపిగ్గా విన్నావు, అంతే చాలు" అన్నారు.

ఆయనకు ఇంకో పిచ్చి కూడా ఉండేది. ఎన్నికల ముందు చేపలకని పికప్ ట్రక్కు వేసుకుని మాయమయ్యేవారు. ఒక్క చేప తెచ్చిన పాపాన పోలేదు. ఓసారి మొహం గుమ్మడికాయలా వాచి వచ్చారు. ఇంకోసారి ఒంటినిండా చచ్చిన కోళ్ళ వాసన. కుర్చీ బయట వేసి జుట్టు కత్తిరించాను.

"చేపలు పడ్డాయా, మిస్టర్ లెమ్యూల్?"

"ఈసారికి కుదర్లేదోయ్."

ఓజెల్లా మొగుడు హోసియాకి ఉబ్బసం. వాళ్ళుండేది కొండ మీద. మా కౌంటీకి అంబులెన్సు లేదు, పక్క కౌంటీ నుంచి రావాలి. ఆ వసంతంలో అతనికి ఊపిరాడకపోతే, ఎంతసేపు చూసినా అది రాలేదు. చివరికి లెమ్యూల్ గారు పికప్‌లో ఎక్కించుకుని, వీపు ఎత్తుగా ఉండాలని వెనక రాజ్యాంగం ఆనించి, ఆసుపత్రికి చేర్చారు. బతికాడు.

దాంతో మా కౌంటీ సొంత అంబులెన్సుకి చిన్న పన్ను వేసుకుందామనుకుంది. మరి సవరణ కావాలిగా. రాజధానిలో ఒక పెద్దమనిషి వద్దన్నాడు. మా అంబులెన్సు రాష్ట్రమంతటి ఓటుకి వెళ్ళింది.

ఓజెల్లా నా సెలూన్లో కూలబడింది. "అందరూ నాలాగే వేస్తే ఎలాగండీ?"

 లెమ్యూల్ గారు లేచి సంచి చంకన పెట్టుకున్నారు. "చేపలకి వెళ్ళొస్తా" అన్నారు.

"ఇప్పుడా?" అంది ఓజెల్లా, కొట్టేలా చూస్తూ.

సవరణ గెలిచింది. అందరికంటే ఎక్కువ "అవును"లు వేసింది ఆ దోమల కౌంటీ. మాకెవరికీ అంతుపట్టలేదు. తర్వాత కొన్నాళ్ళకి అటునుంచి రొయ్యల లారీ డ్రైవరొకడు గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. ఓజెల్లా దంపతులు కూడా అక్కడే ఉన్నారు.

"పుస్తకం తాతగారిది ఈ ఊరేనా?" అన్నాడు.

"ఆయన నీకెలా తెలుసు?"

"తెలియకేం. అప్పట్లో మా దోమల్ని చూస్తానని వచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, సాయంత్రమంతా మా వరండాలో కూర్చున్నారు. 'మావాళ్ళకి చెప్పాలంటే ముందు నాకు తెలియాలి కదా' అన్నారు. వాపులకి మా అమ్మే మందు రాసింది. మొన్న మళ్ళీ వచ్చి, 'మా కొండమీద ఒకతనికి ఊపిరాడదు' అన్నారు. ఆ పుస్తకం తెరుస్తారేమోనని భయపడి అందరం ముందే సరేనన్నాం."

"మరి ఆ కోళ్ళ వాసన?" అన్నాను.

"అది మాది కాదు బాబూ. ఉత్తరాన కోళ్ళఫారాల కౌంటీ ఉందిగా. వాళ్ళూ ఆయన్నెరుగుదురు."

ఓజెల్లా చేతిసంచి తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

కొత్త అచ్చు వచ్చాక లెమ్యూల్ గారు దాన్ని సెలూన్‌కి తెచ్చి, తూచినట్టు చేతిలో ఎత్తి దించారు. "చూశావా, ఇంకా లావైంది. అంబులెన్సుని కూడా ఇందులోనే కుక్కాలా? ఏం రాష్ట్రమోయ్ ఇది?"

"ఇటివ్వండి, నేను మోస్తా" అన్నాడు హోసియా.

"నువ్వు ఊపిరి తీసుకో, అది చాలు" అని ఓజెల్లా సంచి లాక్కుని తన భుజాన వేసుకుంది. "ఈసారి ఎవరిది ఓటుకొస్తోందండీ?"

"మిసిసిపీ సరిహద్దు వైపు కౌంటీ ఒకటి. అడవిపందుల బాధ."

ఆమె భుజం మీద సంచి సర్దుకుంది. "కుడతాయా?"

"కుట్టవమ్మా. తరుముతాయి."

"అయితే ఉండండి, బూట్లు వేసుకొస్తా."