సంకటి ముద్దలో మాత్ర

నా చిన్నప్పుడు వడమాలపేటలో మా అవ్వకు పక్షవాతం వచ్చింది. చింతపండు గింజలు తీస్తూ తీస్తూనే కుడి చెయ్యి వాలిపోయింది, మూతి పక్కకు పోయింది. తిరుపతి ఆసుపత్రిలో ప్రాణం నిలిచింది గానీ మాట పడిపోయింది, మా పేర్లూ మరిచిపోయింది. ఇంకోసారి వస్తే మెదడు తట్టుకోలేదని, మాత్రలు ఎప్పుడూ మానొద్దని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

మా నాయన వింటేగా! ఇంటికి రాగానే నాటువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ వైద్యుడు పసరు పోసి, ఇంగ్లీషు మాత్ర ముట్టుకుంటే తన మందు విరిగిపోతుందని పథ్యం పెట్టాడు. నాయన మాత్రలన్నీ పెంటదిబ్బలో పారేశాడు. కన్నతల్లి విషయంలో ఆయనకంత తెగింపు ఎలా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అమ్మ ఎదురు చెప్పలేదు. తిరుపతికి పోయేవాళ్లతో గుట్టుగా మాత్రలు తెప్పించి, రాగి సంకటి ముద్దలో పెట్టి అవ్వకు తినిపించేది. సంకటి నమలకుండా మింగేదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తినిపిస్తూనే మా అందరి పేర్లూ పలికించేది. కొన్ని నెలలకు అవ్వ నన్ను పేరు పెట్టి పిలిచింది. ఊరంతా పసరును పొగిడింది.

పక్కింటి పెద్దాయనకూ అంతకుముందే ఒకసారి పక్షవాతం వచ్చి తగ్గింది. అవ్వను చూసి ఆయనా మాత్రలు మాని పసరుకు పోయాడు. కొన్నాళ్లకే మళ్లీ పడిపోయాడు. ఈసారి కట్టుకున్న భార్యనే ఎవరని అడిగాడు. ఆమె మా వసారాలోకి వచ్చి, అవ్వకు ఏం పథ్యం చేశారో చెప్పమని ఏడ్చింది.

సంకటి కెలుకుతున్న అమ్మ తెడ్డుతోనే బయటికి వచ్చింది.

"అక్కా, మా అత్త బాగయింది పసరుతో కాదు. మాత్రలు సంకటిలో పెట్టి నేనే మింగిస్తా ఉండాను. నేను నోరు మూసుకొనుండబట్టే మీ ఇంటాయన మాత్రలు మానేసినాడు."

వసారాలోనే కూర్చున్న నాయన లేచి అమ్మ మీద చెయ్యెత్తాడు. మంచం మీది నుంచి అవ్వ ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ అంది.

"నాకు తెలిసే మింగినాను. కోడలి మీద చెయ్యేసి సూడు."

నాయన చెయ్యి దించాడు. పక్కింటాయనకు మాత్రం భార్య పేరు మళ్లీ గుర్తు రాలేదు. ఆ వైద్యుణ్ణి ఒక్కరూ నిలదీయలేదు, అతని వాకిట్లో జనమూ తగ్గలేదు.

ఈనాటికీ ఫోన్లలో అవే పసర్ల గొప్పలు. చదువుకున్నవాళ్లే పంపిస్తున్నారు, సిగ్గు లేకుండా. నాకూ ఇప్పుడు బీపీ మాత్ర ఉంది. పెళ్లి పంక్తిలో కూర్చున్నా నలుగురికీ కనబడేలా వేసుకుంటాను. ఎందుకని అడిగితే చెబుతాను. అడగకపోయినా చెబుతాను.