బొమ్మకు వేసిన చూరు

వీధి సంఘం కార్యదర్శిగారిది జాలిగుండె. ఎదుట నలుగురు ఉంటే ఆ జాలి మరీ పొంగుతుంది. ఇల్లూ వాకిలీ లేనివాళ్లకు నివాళిగా వీధి మలుపులో గోడ మీద నిలువెత్తు బొమ్మ వేయించింది ఆయనే. ఆ గోడ వారనే పట్టా పరుచుకుని బతికే ముసలమ్మను ఎండలో కూర్చోబెట్టి, ఒక్క ముడతా వదలకుండా గీయించారు. "ఇంకాస్త దీనంగా చూడవమ్మా" అని చిత్రకారుడికంటే ముందు ఆయనే పురమాయించేవారు. ఇప్పుడు రోజూ సాయంత్రం వాకింగ్‌కు వచ్చి, జేబురుమాలు తీసి బొమ్మ చెంప మీది దుమ్ము పసిబిడ్డకు తుడిచినంత సుతారంగా తుడుస్తారు. నాలుగడుగులు వేశాక అదే రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. అక్కడ అసలు ముసలమ్మ ఉంటుంది.

వానలు మొదలవుతున్నాయని ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి, బొమ్మ తడవకుండా పైన రేకుల చూరు దించారు. మొన్న సాయంత్రం కుండపోతగా కురిసింది. ముసలమ్మ పట్టా చుట్టుకుని వెళ్లి, తన బొమ్మ పక్కనే ఆ చూరు కింద గోడకు ఆనుకుంది. కార్యదర్శిగారు గొడుగేసుకుని ఉరుకులు పరుగుల మీద వచ్చారు.

"జరుగు, అవతలికి జరుగు. నీ తడి వీపు తగిలితే రంగంతా ఊడొస్తుంది."

"వాన తగ్గేదాకా ఉంటానయ్యా."

ఆయన గొడుగును బొమ్మ మీదికి వంచి పట్టుకుని, ఎంతో ఓపిగ్గా నచ్చజెప్పారు.

"బొమ్మ తడిస్తే మళ్లీ వేయించాలమ్మా. నీకేం, ఎండొస్తే ఆరతావు."