తుమ్ముకు ఆగని అవ్వ

పొద్దున ఎండుమిరపకాయలు వేయిస్తుంటే ఘాటు ఇల్లంతా కమ్మింది. పరీక్షకని చెప్పులు వేసుకుంటున్న మనవరాలు గట్టిగా తుమ్మింది. "కూచోవే, నీళ్ళు తాగి పోదువు," అని కోడలు ఆపింది. ఒంటి తుమ్ము కీడు, జంట తుమ్ము మేలు అంటారు మాలో. నాకు మాత్రం బర్మా అవ్వ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఎదురింటి ఆమె. చిన్నతనమంతా రంగూనులో గడిచింది, అక్కడ వాళ్ళ నాన్నకు పాలవ్యాపారం. నా భర్త చనిపోయిన ఏడాది మొదటిసారి నేనే పట్టుగూళ్ళు మూటకట్టి శిడ్లఘట్ట మార్కెట్టుకు బయలుదేరాను. ఆలస్యమైతే లోపలి పురుగు గూడు తొలుచుకుని బయటపడుతుంది, పట్టు పాడు. నాకూ నా బిడ్డకూ ఆ పంటే కూడు. గడప దాటానో లేదో, మా మరిది ఒక్క తుమ్ము తుమ్మాడు.

"ఒంటి తుమ్ము వదినా. అసలే నువ్వు..." అని మిగతాది మింగాడు. విధవనని ఆ మాట. మూట దించేశాను.

"ఏమప్పా, నీ ముక్కు కారితే ఆయమ్మ పురుగులు ఆగుతాయా?" అంటూ అవ్వ వచ్చి నా పక్కన కూచుంది.

"ఇనుమ్మా. యుద్ధమప్పుడు రంగూను జపానోళ్ళ చేతిలో ఉండె. మగపిల్లోళ్ళను రైలుదారి పనికి పట్టుకపోతాండ్రి, పోయినోళ్ళు తిరిగొచ్చింది లేదు. మా అన్నను పిడకల గూట్లో దాచి, నేనూ పక్కిండ్ల పిల్లోళ్ళూ దానిమింద పచ్చిపేడ తడతా ఉంటిమి. తుపాకి కొనకు కత్తి కట్టుకొని జపాను సిపాయి వచ్చె. లోపల దుమ్ముకు మా అన్న తుమ్మె!"

"అయ్యో, మరి?"

"నేనూ తుమ్మితి. నన్ను చూసి పిల్లోళ్ళందరూ తుమ్మిరి. వాడు గూడు పొడవను వస్తే, పేడచేతుల్తో వాని బూటు పట్టుకొని మళ్ళా తుమ్మితి. కాలు ఇదిలించుకొని పాయ!"

"భయం కాలేదా అవ్వా?"

"లంగా తడిసిపాయ. పేడనీళ్ళనుకునిరి! మా అన్న మనవళ్ళను ఎత్తుకొనే దాకా బతికినాడు తల్లీ."

లేచి మా మరిది మొహంలోకి చూసి "హాచ్చి!" అంది. "ఇదో, నీ దానికి జోడీ. ఎత్తు పాపా మూట."

ఎత్తాను. చింతామణి దారిలో బస్సెక్కే దాకా నవ్వుతూనే ఉన్నాను. గూళ్ళన్నీ అమ్మి, సాయంత్రానికి ఖాళీ గోనెతో, కొన్న రాగులతో ఇల్లు చేరాను. ఆ తరువాత నన్నెవరూ గడపలో ఆపలేదు, ఆపినా ఆగలేదు.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. పొద్దున మనవరాలు నీళ్ళ చెంబు అందుకోబోతుంటే, మిరపకాయల గరిటె పట్టుకునే, నేనూ ఒక దొంగ తుమ్ము తుమ్మాను. అది పకపకా నవ్వి బస్సుకు పరిగెత్తింది.