అమ్మ గొంతు వినపడితేనే

అపార్ట్‌మెంట్ అనే మాట వినడానికి చాలా ఏళ్ల ముందే నేను ఒకే కప్పు కింద ఐదారు కుటుంబాల మధ్య పెరిగాను. బస్తర్ ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్న రోజులవి. మద్దేడు దగ్గర ఒక కలప డిపోలో మా నాన్న లెక్కలు రాసే మున్షీ. డిపో మనుషుల కోసం కట్టిన ఇళ్లను అందరూ ‘లైను’ అనేవారు. పొడుగాటి పెంకుల కప్పు, దాని కింద వరసగా గదులు, ముందు అందరికీ కలిపి ఒకటే వసారా. గదికీ గదికీ మధ్య మట్టిగోడ మనిషి ఎత్తు దాటి కొంచెం పైకి వచ్చి ఆగిపోయేది. ఆ పైన కప్పు దాకా ఖాళీయే. ఒక గదిలో మిరపకాయలు వేయిస్తే లైనంతా తుమ్మేది.

అమ్మ భద్రాచలం వైపు నుంచి కాపురానికి వచ్చిన మనిషి. నాన్న కలప లెక్క చూడటానికి అడవిలోకి వెళితే రోజుల తరబడి వచ్చేవాడు కాదు. బండ్లవాళ్లు, సంతకు పోయేవాళ్లు, నిప్పు కోసమో నీళ్ల కోసమో ఆగేవాళ్లు మా వసారాలో కూర్చుని పోతుండేవారు. ఎవరు ఏ భాషలో ఏం అడుగుతున్నారో అమ్మకు సగం తెలిసేది కాదు. ఒకసారి ఎవరో ముసలాయన మా గుమ్మం ముందు మధ్యాహ్నమంతా పడుకుని నిద్రపోయాడు. ఆయన చేసిందేమీ లేదు. అయినా ఆయన లేచి వెళ్లేదాకా అమ్మ గదిలోంచి కదల్లేదు. మర్నాడే డిపో వడ్రంగిని పిలిపించి తలుపుకు లోపలివైపు టేకు గడియ పెట్టించింది.

నాకప్పుడు ఏడేళ్లుంటాయి. తమ్ముడు ఇంకా ఊయల దిగలేదు. వాగుకు వెళ్లేటప్పుడు అమ్మ నాతో గడియ వేయించి, బయట నిలబడి తలుపు ఒకసారి తోసి చూసేది.

“ఎవరొచ్చినా తియ్యొద్దు. నా గొంతు వినపడితేనే తియ్యాలె. తెలిసిందా?”

“తెలిసింది.”

“ఏం తెలిసిందో చెప్పు.”

నేను అప్పజెప్పాకే కదిలేది.

మా పక్క గదిలో జంగిల్ గార్డు భార్య ఉండేది. జగదల్‌పూర్ వైపు మనిషి, ఇంట్లో హల్బీ మాట్లాడేది. మాతో మాట్లాడటానికి కొన్ని తెలుగు ముక్కలు పోగుచేసుకుంది. బాగా భారీ మనిషి. నేను ఆమెను పెద్దమ్మా అనేదాన్ని. ఆమె నన్ను నోనీ అనేది. వాళ్ల వైపు ఆడపిల్లను అలాగే పిలుస్తారు. అమ్మకు ఆమె అంటే ఇష్టమే గానీ, పిల్లల్ని ఆమెకు వదిలి వెళ్లేంత చనువు ఇంకా రాలేదు.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం, అమ్మ వాగుకు వెళ్లిన సమయంలో, చివరి గది వెనకున్న గడ్డిపాకకు నిప్పంటుకుంది. అక్కడ కలప కోసే పనివాళ్లు వంట చేసుకునేవారు. నాకా సంగతి తెలియదు. తమ్ముణ్ణి ఊపుతూ ఉంటే గోడల మీదుగా పొగ మా గదిలోకి దిగింది. ఎవరో అన్నం మాడ్చుకున్నారనుకున్నాను. ఇంతలో వసారాలో పరుగులు, మా తలుపు మీద దబదబా దెబ్బలు.

“నోనీ, తలుపు తియ్. మంట, మంట.”

“అమ్మ తియ్యొద్దంది, పెద్దమ్మా.”

“మీ అమ్మకు నేను చెప్త. తియ్.”

“అమ్మ గొంతు వినపడాలె.”

పెద్దమ్మ తలుపు బాదడం ఆపింది. తర్వాత గొంతు సన్నగా చేసి, “బిడ్డా, నేనే, మీ అమ్మను. తలుపు తియ్” అని వినపడింది.

“నువ్వు పెద్దమ్మవే” అన్నాను.

ఆమె హల్బీలో ఏదో అంది. మాటలు తెలియలేదు గానీ తిట్టేనని తెలిసింది. కాసేపటికి మధ్యగోడ మీద ఒక చెయ్యి, తర్వాత ముఖం, తర్వాత మోకాలు కనిపించాయి. తన గదిలోని వడ్ల బస్తాలెక్కి గోడ దాటుతోంది పెద్దమ్మ. గోడ పైమట్టి సగం తనతోపాటే తెచ్చుకుని మా కుండల మీదికి దిగింది. తమ్ముణ్ణి చంకనేసుకుంది, గడియ లాగింది, నా రెక్క పట్టుకుని బయటికి, ఎదురుగా ఉన్న ఇప్పచెట్టు కిందికి ఈడ్చుకెళ్లింది. డిపో మనుషులు పాకను కూలదోసి, ఇసుక, నీళ్లు చల్లి మంటను అక్కడికక్కడే ఆపారు. మా కప్పుకు ఏమీ కాలేదు.

పొగ చూసి అమ్మ బిందె వాగు దగ్గరే వదిలేసి పరుగెత్తి వచ్చింది. తలుపు బార్లా తీసుంది, ఊయల ఖాళీ. అమ్మ మమ్మల్ని పిలుస్తూ వసారా అంతా పరుగెత్తింది. ఇప్పచెట్టు కింద నుంచి పెద్దమ్మ కేకేసింది. తమ్ముడు ఆమె ఒళ్లో కూర్చుని ఆమె గాజులు కొరుకుతున్నాడు.

సాయంత్రం అమ్మ, గోడ దిగినప్పుడు దెబ్బ తగిలిన పెద్దమ్మ మోకాలికి ఆముదం కాచి పట్టు వేసింది.

“ఈ పిల్లకు నేనే అట్ల చెప్పిన అక్కా. నీకు కూడా తియ్యొద్దని అనుకోలే” అంది, తలెత్తకుండా.

“ఏంది బాధ? నీ పిల్ల మాట వింటది. నా పిల్లలు వినరు” అంది పెద్దమ్మ. ఆపైన నా వైపు చూసి, “నా గొంతు మీ అమ్మ లెక్క లేదా?” అని అడిగింది. లేదన్నాను. ఇద్దరూ నవ్వారు. అమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

నాన్న తిరిగొచ్చి గోడ బాగుచేయిస్తానంటే, అలాగే ఉండనీయమంది అమ్మ. ఆ విరిగిన చోటు మీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ తిరగడం మొదలైంది. లైనులోని ఆడవాళ్లంతా కూడి ఒక మాట అనుకున్నారు. వాగుకు అందరూ ఒకేసారి వెళ్లకూడదు, ఎవరో ఒకరు పిల్లల దగ్గర ఉండాలి, పొయ్యి వెలిగిస్తే పక్కన నీళ్ల కుండ ఉండాలి. ఎక్కువసార్లు పెద్దమ్మే ఉండిపోయేది. తమ్ముడికి తెలుగు కంటే ముందు హల్బీ వచ్చిందని నాన్న వేళాకోళం చేసేవాడు.

అలా మమ్మల్ని పెద్దమ్మ దగ్గర వదిలి వాగుకు వెళ్లిన మొదటి రోజు అమ్మ చాలాసేపటికి గాని రాలేదు. తలస్నానం చేసి, తడి జుట్టు వీపు మీద వదిలేసి, తోటి ఆడవాళ్లతో మాట్లాడుకుంటూ తీరుబడిగా నడిచి వచ్చింది. కొంగులో తునికి పళ్లు ఉన్నాయి. వసారాలో కూర్చుని లైనులోని పిల్లలందరికీ పంచింది.