తొమ్మిదో బోను ఎలుక

ఎలుకల గదిలో ఆమెను అందరూ ముద్దలక్క అంటారు. మొక్కజొన్న పిండిని తడిపి, యంత్రంలో వత్తి, ఆరబెట్టి ఎలుకలకు మేతముద్దలు చేసేది ఆమే. పిండి డబ్బాలు రెండు: నీలం మూతది, పసుపు మూతది. ఒకదానిలో మామూలు మొక్కజొన్న, రెండోదానిలో పురుగు పట్టకుండా జన్యువు మార్చినది. ఏది ఏదో ఆ గదిలో ఎవరికీ తెలియదు. తెలిస్తే చెయ్యి ఒకవైపు మొగ్గుతుందని ఆ ఏర్పాటు. తొంభై రోజులు తినిపించి, వారం వారం తూచి చూడాలి. ఎలుకలకు తేడా చేయకపోతేనే ఆ పంట మనుషుల కంచం వైపు ఒక అడుగు వేస్తుంది.

యాభయ్యో రోజు తూకంలో తొమ్మిదో బోను ఎలుక పన్నెండు గ్రాములు తగ్గింది. ముద్దలక్క దాన్ని మళ్ళీ తూచి చూసింది. ఇంట్లో పద్నాలుగు నెలల కూతురు. రెండు నెలలుగా ఆ పిల్ల బరువు గీత కార్డు మీద పైకి లేవడం లేదు. తగ్గిన అంకె ఎక్కడ కనిపించినా ఆమెకు కాలు నిలవదు. కోటు జేబులో పిల్ల కొరికి వదిలేసిన బిస్కెట్టు ముక్క ఉంది. దాన్ని నీళ్ళలో నానబెట్టి బోనులో పెట్టింది. ఎలుక ముందుకాళ్ళతో పట్టుకుని ఆబగా తింది. మర్నాడూ ఇంకో ముక్క తెచ్చి పెట్టింది. అలా వారం రోజులు.

యాభై ఏడో రోజున ఎలుక తొమ్మిది గ్రాములు పెరిగింది.

అంకె రాశాకగానీ తాను చేసిందేమిటో ఆమెకు తట్టలేదు. మేతలో నిజంగానే చెడు ఉంటే ఆ కబురు చెప్పాల్సింది ఈ ఎలుకే. దాని నోటికి తానే బిస్కెట్టు అడ్డం పెట్టింది. పెన్ను మూత పెట్టింది, తీసింది. కిటికీ దాకా వెళ్ళింది, వచ్చింది.

"ఏంటక్కా, కుడితిలో పడ్డ ఎలుకలా ఆ తిరుగుడు? అసలు ఎలుకలే నీకంటే కుదురుగా ఉన్నాయి," అంది బోనులు కడిగే ఆవిడ.

ముద్దలక్క జరిగింది చెప్పింది.

"ఎవరితోనూ అనకు. ఎనభై ఎలుకల్లో ఒకటి, ఎవరు చూడొచ్చారు? చెప్తే నిన్ను పంపించేస్తారు. చంటిదాన్నేసుకుని ఎక్కడ తిరుగుతావ్?"

"రేపు ఆ చంటిదాని గిన్నెలోకి వచ్చేది ఇదేగా," అని ముద్దలక్క రిజిస్టరు చంకన పెట్టుకుంది.

సూపర్‌వైజరు మేడం అంతా విని పశువుల డాక్టరును పిలిపించింది. ఆయన ఎలుక నోరు తెరిచి దీపం వేశాడు. కింది పళ్ళు వంకర తిరిగి పైదవడలోకి దిగబడి ఉన్నాయి.

"గట్టి ముద్ద కొరకలేక చిక్కిపోయింది. మేత వల్ల కాకపోవచ్చు, ఒక్కోదానికి పళ్ళిలా పెరుగుతాయి."

"అమ్మయ్య," అంది ముద్దలక్క.

"అమ్మయ్య ఏంటమ్మా? ఈసారి పళ్ళు. కాలేయమో కిడ్నీయో అయ్యుంటే?" అంది మేడం. "దీన్ని లెక్కలోంచి తీసేస్తాం. ఎందుకు తీశామో నీ చేత్తోనే రాయి. 'పొరపాటు' అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకు, బిస్కెట్టని రాయి. ఇంకే బోనులోనైనా పెట్టావా?"

"లేదు మేడం."

"వెంటనే చెప్పకు. ఆలోచించుకుని చెప్పు."

ఆలోచిస్తుంటే నిజంగానే అనుమానం వచ్చింది. బిస్కెట్టు పలుకేదైనా పక్క బోనులో రాలిందా? లేదనే గుర్తు. లేదనే రాసి సంతకం పెట్టింది.

"మేడం, తొమ్మిదోది తిన్న ఆ పసుపు డబ్బా పిండి... మామూలుదా, మార్చిందా?"

"నాకూ తెలీదు. తొంభయ్యో రోజు దాకా నువ్వు ఎలుకల గదిలోకి రాకు, కడుగుడు చూసుకో. మేత పని, తూకం ఆ బోనులు కడిగే ఆవిడ చేస్తుంది."

అరవై నాలుగో రోజు ముద్దలక్క తొట్టి దగ్గర బోనులు తోముతోంది. తలుపు అవతల పాత కడుగుడావిడ అంకెలు చదువుతోంది. ఎనిమిదో బోను, ఫరవాలేదు. తర్వాత పదో బోను.

"ఆరు గ్రాములు తక్కువ," అంటుంటే ఆమె గొంతు కాస్త తగ్గింది.

ముద్దలక్క కుళాయి కట్టేసింది. లోపలికి వెళ్ళే వీల్లేదు. తడిచేతులతోనే తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"రాశావా?" అంది.

లోపల పెన్ను మూత తీసిన చప్పుడైంది.

"రాస్తున్నాలే అక్కా."

ఆమె కదల్లేదు. "ఎంతని రాశావు?"

"ఆరని."

అప్పుడు వెళ్ళి కుళాయి తిప్పింది.