బస్సు ముందు కూర్చున్న హుసేనమ్మ

హుసేనమ్మది ఎమ్మిగనూరు. మగ్గాల ఇళ్ళు తిరిగి చీరలు తీసుకుని ఆదోనిలో అమ్మేది. ఆమెకు కోపం ఎక్కువని ఊళ్ళో అనేవాళ్ళు. వారానికి రెండుసార్లు ఆ బస్సెక్కితే ఎవరికైనా కోపం వస్తుంది.

ఆ దారిలో ఉన్నది ఒకే సావుకారు బస్సు. ఏడు గంటలకని పలక మీద రాసి ఉంటుంది. జనం కిక్కిరిసేదాకా కదలదు. కదిలాక సావుకారు చుట్టాల ఇంటి ముందు ఆగి, వాళ్ళు తీరిగ్గా చద్దన్నం తిని వచ్చేదాకా హారను కొడుతుంది. పత్తి దళారులకు, నేతగాళ్ళకు ఆదోనిలో పొద్దున్నే పని. అందరూ గొణిగేవాళ్ళు, అడిగేవాళ్ళు మాత్రం లేరు.

ఆదోని బళ్ళారి నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన మరుసటి ఏడు, 1954 ఎండాకాలం. షోలాపూరు వ్యాపారి ఒకాయన ఆదోనికి వచ్చి, పదకొండు గంటల రైలుకు వెళ్ళిపోతానని, ఆలోగా సరుకు చూపించమని కబురు పెట్టాడు. ఆరు మగ్గాల మీద రెండు నెలలు నేసిన చీరలు. హుసేనమ్మ ఆరింటికే మూటతో వచ్చి ముందు సీట్లో కూర్చుంది. ఎనిమిదిన్నరకు కండక్టరు ఆదెప్ప వచ్చాడు.

"లేయమ్మా. సావుకారు బామ్మర్ది వస్తాండాడు. ఎనక్కి పో."

"టికెట్టు తీసుకున్నా గదప్పా!"

"ఆయప్పకు టికెట్టు యాల? బస్సే వాళ్ళది."

మూట టాపు మీదికి పోయింది. ఆమె వెనక నిలబడింది.

కోటేకల్లు దాటాక ఎత్తు మీద ఇంజను ఆగింది. "దిగండి, తొయ్యాల!" అని ఆదెప్ప అరిచాడు. అలవాటైన పనే. మగవాళ్ళు పంచెలు ఎగగట్టి దిగారు. ముందు సీట్లో బామ్మర్ది మాత్రం కాళ్ళు చాపుకుని సిగరెట్టు ముట్టించాడు.

హుసేనమ్మ చరచరా నడిచి వచ్చి బస్సుకు అడ్డంగా రోడ్డు మీద కూర్చుంది.

"ఆయప్ప దిగి సెయ్యేస్తేనే ఈ బస్సు కదిలేది. లేకుంటే నా మీద పోనియ్యండి."

"పొద్దు పోతాంది, లేయక్కా," అన్నాడు నేతగాడు బజారి.

"పొద్దు యాడుంది బజారీ? ఇన్నేండ్లూ మన పొద్దంతా వీళ్ళే తినేసినారు. టికెట్టుకు మనం, తొయ్యనీకి మనం, కూసోనీకి వాళ్ళా?"

బజారి కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. వెనక చేతులేసిన వాళ్ళు ఒక్కొక్కరే పక్కకు జరిగారు. ఆదెప్ప బతిమాలాడు, తిట్టాడు. అరగంట గడిచింది. చివరికి బామ్మర్ది దిగి, ఎవరి ముఖమూ చూడకుండా బస్సు వెనక చెయ్యి పెట్టాడు.

ఆదోని చేరేసరికి రైలు వెళ్ళిపోయింది. షోలాపూరాయనా వెళ్ళిపోయాడు. సాయంత్రం తిరుగు బస్సులో ఆమెను ఎక్కించుకోలేదు. పత్తి బండ్ల వెంట ఇల్లు చేరింది.

ఆ వారమే ఇరవైమంది చేత సంతకాలు, వేలిముద్రలు వేయించి, బస్సు వేళకు నడిపించమని కర్నూలు కలెక్టరుకు అర్జీ పంపింది. ఒక అధికారి వచ్చి విచారించాడు. ఎనిమిది రోజులు బస్సు వేళకు నడిచింది. తొమ్మిదోనాడు మళ్ళీ పాత కథే.

హుసేనమ్మ ఆ బస్సెక్కడం మానేసింది. బజారితో కలిసి ఊళ్ళోని మల్లన్న ఎద్దుల బండి మాట్లాడుకుని ముందురోజే బయలుదేరేది. వారానికి ఒక్క తిరుగుడే కుదిరేది. రెండు మగ్గాల వాళ్ళు ఆమెకు చీరలివ్వడం మానుకున్నారు.

"పోనీలే అక్కా, బస్సులోనే పోదాం," అని బజారి ఒకసారి అన్నాడు.

"నువ్వు పో," అంది. "నాకింకా మండుతానే ఉంది."