మా నర్సింలన్న బిగించిన స్పేర్ టైరు

నిన్న పొద్దుగాల దేవుని కాడ వత్తి ముట్టిస్తుంటే ఫోన్ మోగింది.

వదిన.

"పద్మా... మీ అన్న లేస్తలేడు" అన్నది. గంతే.

వత్తి ముట్టించిన్నో లేదో నాకు యాదికి లేదు.

చిన్నకోడూరు పోయేసరికి వాళ్ల వాకిలంత మంది. నిద్రల్నే గుండె ఆగిపోయిందని డాక్టర్ చెప్పిండట. మొన్న శనివారం మా ఇంట్ల చాయ్ తాగి, కప్పు కడిగి బోర్లించి పోయిన మనిషి.

నా సొంత అన్న. మా అవ్వబాపులకు మేమిద్దరమే.

మీల చాన మందికి అన్నంటే జీపే యాదికొస్తది. సిద్దిపేటల అందరు దాన్ని "లడాయి జీపు" అంటుండె. నలభైలల్ల, పెద్ద యుద్ధం నడిచేటప్పుడు తయారైన బండి. మిలిటరీ నుంచి వేలంల బయటికొచ్చి, చేతులు మారి మారి మా బాపు కాడికి వచ్చింది. బాపు తర్వాత అన్న చూసుకున్నడు. వాళ్లింటి కాడ జాగ లేదని సిద్దిపేటల మా వాకిట్లనే పెడుతుండె.

మా ఆయన పోయినంక నేను చాన రోజులు ఎవలతోని మాట్లాడలేదు.

పిల్లలు లేరు. గుడికి పోవుడు సుత బంద్ చేసిన. దీపం పెట్టుడు, ఇంత ఉడకేసుకునుడు, గోడ దిక్కు తిరిగి కూసునుడు.

అందరు వచ్చి ధైర్యం చెప్పిపోయిన్రు. అన్న ఏం చెప్పలేదు. ఒక శనివారం పొద్దుగాల బరువు సంచి మోసుకొని వచ్చిండు.

"చెల్లే, జర బయటికి రా. పనున్నది."

ప్రజ్ఞాపూర్ నుంచి వస్తుంటే జీపు వెనుక స్పేర్ టైరు తగిలించే క్యారియర్ ఊడి వేలాడిందట. చూస్తే బోల్టులు మంచిగనే ఉన్నయి. వాటి చుట్టు రేకే చినిగింది.

"పాత రేకు, పల్చబడ్డది. బోల్టు ఒక్కటే గట్టిదైతే ఏం లాభం? టైరు బరువంత బోల్టు బొక్కల మీదనే పడితే చినుగుతది. లోపట ఒక ప్లేటు పెడితే బరువు రేకంతట పంచుకుంటది" అన్నడు.

సంచిల నుంచి ఒక్కొక్కటి తీసి అరుగు మీద పెట్టిండు. మందం ఇనుప ప్లేటు. హైటెన్షన్ బోల్టులు. వెడల్పు వాషర్లు. గుంతలల్ల ఎగిరినా వదులు కాని లాక్ నట్లు.

"మెరిసే స్టీలువి దొరకలేదా? తుప్పు పట్టవు గదా" అన్న నేను.

"మెరుపు చూసి కొంటరా? బోల్టు నెత్తి మీద గట్టితనం నంబర్ చూడాలె. 8.8 అని ఉన్నదా లేదా సదువు."

అద్దాలు పెట్టుకొని సదివిన. ఉన్నది.

నన్ను జీపు లోపట కూసోబెట్టి చేతికి పాన ఇచ్చిండు. లోపట నేను నట్టు తిరగకుంట పట్టుకోవాలె. బయటి నుంచి అన్న బోల్టు బిగించాలె. మధ్యల రేకు. అన్న నాకు కనపడడు, నేను అన్నకు కనపడ.

"పట్టుకున్నవా?"

"పట్టుకున్న."

"గట్టిగ పట్టు. జపమాల పట్టినట్టు పట్టకు!"

"నా జపమాలతోనే నడుస్తుంది నీ బండి. లేకుంటే ఎప్పుడో పాతినుప సామాన్లల్ల కలుస్తుండె."

రేకుకు అవతల అన్న నవ్విండు.

ఇవతల నేను నవ్విన. మా ఆయన పోయినంక అదే మొదలు.

మళ్ల శనివారం వచ్చిండు. "కొత్త బోల్టులు జర కూసుంటయి, నట్లు వదులైతయి, ఇంకోసారి బిగించాలె, పా." ఆ మళ్ల శనివారం సుత వచ్చిండు. ఇగ అదే అలవాటైంది. బిగించుడు, చాయ్ తాగుడు, అదే జీపుల హనుమాండ్ల గుడికి పోవుడు.

ఏ శనివారం సుత ఒక్క నట్టు వదులైంది లేదు.

లాక్ నట్లు ఎట్ల వదులైతయి అని నాకు అనుమానం రాకపోలేదు. అడగలేదు. అడిగితే రాడేమోనని.

నిన్న దహనం అయి, అందరు తానాలు చేసి వచ్చినంక, ఆ ప్లేటు కోసిచ్చిన వెల్డింగ్ యాదగిరి వచ్చి నా పక్కన కూసున్నడు.

"అక్కా, నట్లు ప్లేటుకే వెల్డింగ్ చేసిస్త అని అప్పుడే చెప్పిన. ఒక్కనివే బయటి నుంచి బిగించుకోవచ్చు, ఇంకొకలు అక్కరలేదని సుత చెప్పిన. నర్సింలన్న వద్దంటె వద్దన్నడు."

"ఎందుకట?"

"'గట్ల చేస్తే మా చెల్లెకు పనేముంటది?' అన్నడు."

నేనింక అక్కడ కూసోలేకపోయిన.

ఇయ్యాల బట్టల కోసం ఇంటికొచ్చిన. మైల గదా, దేవుని కాడ దీపం సుత పెట్టరాదు. ఇల్లంత చీకటి.

వాకిట్ల జీపున్నది. వెనుక టైరు ఉన్నది, కొంచెం సుత కదలకుంట.

లోపటికెక్కి నట్టుకు పాన పెట్టి పట్టుకున్న.

"పట్టుకున్న అన్నా" అన్న.

అవతల ఎవలు పలకలేదు. పాన మార్చి మార్చి అన్ని నట్లు చూసిన.

నిన్నటి సంది వదిన ఎవలతోని మాట్లాడుతలేదు. గోడ దిక్కు తిరిగి కూసున్నది. ఆ కూసునుడు ఎట్లుంటదో నాకు ఎరికే.

పెద్దకర్మ అయినంక వదినను పిలుస్త. నట్లు వదులైనయి వదినా, నా ఒక్కదానితోని కాదు, నువ్వు జర లోపట పట్టుకో అంట.

ఇది సదివినోళ్లు వదినకు చెప్పకుండ్రి. నట్లు గట్టిగనే ఉన్నయి.

అన్నా, ఇగ నీ పాన కింద పెట్టు. ఇవతల నేను పట్టుకున్న, నువ్వు నిమ్మలంగ పో.

నీ పేరు గల్ల ఆ నర్సింహస్వామి నిన్ను తన కాళ్ల కాడ సల్లగ ఉంచాలె. 🙏